హాలోవీన్ రాత్రి ఇంటిల్లిపాదీ దెయ్యం సినిమా చూడాలంటే

మా ఇంట్లో అక్టోబర్ 31, అంటే హాలోవీన్ రాత్రికి ఒక పద్ధతి ఉంది. పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని వీధులన్నీ తిరిగి క్యాండీ మూటలతో ఇల్లు చేరాక, వాకిట్లో లైటు ఆర్పేసి, అందరం ఒకే సోఫాలో ఇరుక్కుని దెయ్యం సినిమా చూస్తాం. న్యూజెర్సీకి వచ్చిన ఏడాదే మొదలైంది, ఇప్పటికి తొమ్మిదేళ్ళు. అందులో రెండేళ్ళు దారుణంగా బెడిసికొట్టింది. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఎలా చేయాలో చెప్తాను, ఆ రెండుసార్లూ మేం ఏం తప్పు చేశామో కూడా దాచను.

దెయ్యం సినిమా ఒక్కరే చూడటం వేరు, అందరూ కూర్చుని చూడటం వేరు. ఒక్కరే చూసేటప్పుడు ఎంత భయపెడితే అంత గొప్ప సినిమా. ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు గదిలో అందరికన్నా భయస్తులెవరో వాళ్ళని బట్టే రాత్రంతా నడవాలి. అందుకే మా ఇంట్లో రిమోట్ ఆ భయస్తుల చేతిలోనే ఉంటుంది. సినిమా ఎంపిక, టైము, సౌండు, తిండి అన్నీ ఆ చేతిని చూసుకునే చేస్తాం.

ముందు ఏ వారమో చూడండి

హాలోవీన్ తారీకు మారదు, వారం మారుతుంది. వారం మధ్యలో వస్తే మర్నాడు బడి, ఆఫీసు. అలాంటప్పుడు గంటలోపు అయిపోయేది ఒకటి చూసి పడుకోవడం మేలు. శుక్రవారమో శనివారమో పడితే మాత్రం పండగే. 2026లో శనివారం పడుతోంది. పైగా తెల్లారితే నవంబర్ మొదటి ఆదివారం కాబట్టి, వేసవికని ముందుకి జరిపిన గడియారాలు రాత్రి రెండు గంటలకి మళ్ళీ ఒక గంట వెనక్కి జరుగుతాయి. అంటే నిద్రకి ఒక గంట కలిసొస్తుంది. అమెరికాలో హాలోవీన్ శనివారం వచ్చినప్పుడల్లా ఈ లాభం ఉంటుంది. గడియారాలు జరపని అరిజోనా, హవాయి వాళ్ళకి తప్ప. ఇలాంటి ఏడాది రెండో ఆట కూడా వేసుకోవచ్చు.

న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది. నవంబర్ మొదట్లో టీచర్ల కన్వెన్షన్ పేరుతో గురు, శుక్రవారాలు ఇక్కడ చాలా బళ్ళకి సెలవు. టీనేజి పిల్లలతో కలిసి చూడాల్సిన గట్టి సినిమా ఏదైనా ఉంటే మేం దాన్ని ఆ బుధవారం రాత్రికి వాయిదా వేస్తాం.

2024లో దీపావళి సరిగ్గా అక్టోబర్ 31నే వచ్చింది. గుమ్మానికి ఒక పక్క ప్రమిదలు, ఇంకో పక్క పళ్ళికిలించిన గుమ్మడికాయ. మా అత్తగారు ఆ ఏడాది ఇక్కడే ఉన్నారు. కాటుక పూసుకుని అస్థిపంజరం బట్టలేసుకున్న మనవణ్ణి చూసి, "లక్ష్మీదేవి వచ్చే వేళకి గుమ్మంలో ఈ వేషాలేంటే అమ్మాయ్" అన్నారు. వేషం వరకూ ఒప్పించగలిగాం గానీ, ఆ రాత్రి దెయ్యం సినిమా మాత్రం కుదరదన్నారు. మర్నాడు శుక్రవారం చూశాం, కొంపేం మునగలేదు. పండగలు ఢీకొంటే సినిమానే ఒకరోజు జరపండి. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకుని చూసిన సినిమా ఎవరికీ ఎక్కదు.

గదిలో ఎవరెవరు ఉంటారో రాసుకోండి

నిజంగానే కాగితం మీద రాయండి. పేరు, వయసు, దేనికి భయం. మా కాగితం ఇలా ఉంటుంది: పెద్దదానికి పద్నాలుగు, బొమ్మలంటే భయం. చిన్నవాడికి తొమ్మిది, అమ్మానాన్నలకి ఏదైనా అవుతుందంటే భయం. మా ఆయనకి సాలీళ్ళు. నానమ్మకి దెయ్యాలంటే అసలు లెక్కలేదు, రక్తం చూడలేరు, ఒక్క 'అరుంధతి'లో తప్ప. నాకు, అత్తగారి పక్కన కూర్చున్నప్పుడు, దెయ్యం కన్నా ముద్దు సీను ఎక్కడ వస్తుందోనని టెన్షన్. నవ్వకండి, అమెరికన్ హారర్ సినిమాల్లో చాలావాటికి మొదటి పావుగంటలోనే ఆ గండం ఉంటుంది.

సర్టిఫికెట్ చూసి సరిపెట్టుకోవడమే మేం చేసిన మొదటి తప్పు. మా రెండో ఏడాది, పెద్దదానికి అప్పుడు ఆరేళ్ళు. 1982 నాటి 'పోల్టర్‌గైస్ట్' పెట్టాం. దానికి ఉన్న రేటింగ్ పీజీ, అంటే పెద్దవాళ్ళ సలహాతో పిల్లలు చూడొచ్చని. పీజీ అంటే పిల్లలు చూసేదే కదా అనుకున్నాను. నాకు తెలియని సంగతి ఏంటంటే, పీజీ-13 అనే మెట్టు 1984 దాకా లేనే లేదు. ఆ ఏడాది వచ్చిన ఒకటి రెండు పీజీ సినిమాలు చూసి తల్లిదండ్రులు గోల చేస్తే, పీజీకీ, పెద్దవాళ్ళు పక్కన లేకుండా పదిహేడేళ్ళలోపు వాళ్ళు చూడకూడని ఆర్‌కీ మధ్య దాన్ని చేర్చారు. కాబట్టి అంతకుముందు వచ్చిన పీజీ సినిమాల్లో ఏదైనా ఉండొచ్చు. 1975లో వచ్చిన 'జాస్' కూడా పీజీనే.

'పోల్టర్‌గైస్ట్'లో బుజ్జిపిల్ల ఒకతి, ప్రసారాలు అయిపోయి బుస్సుమంటున్న టీవీతో మాట్లాడుతూ ఉంటుంది. అంతే, మా పిల్ల మూడు వారాలు రోజూ పడుకునే ముందు హాల్లో టీవీ మీద దుప్పటి కప్పి, నాలుగు మూలలూ లాగి సరిచూసుకుని గానీ గదిలోకి వెళ్ళేది కాదు. ఒకరోజు నేను మర్చిపోయి దుప్పటి తీసి ఉతకడానికి వేస్తే, రాత్రి పదకొండింటికి డ్రయ్యర్ ఆగేదాకా దాని పక్కనే నిలబడింది.

వయసుని బట్టి భయం రకం మారుతుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీలో జోఆన్ కాంటర్ అనే ప్రొఫెసర్ పిల్లలకి టీవీ, సినిమాల వల్ల కలిగే భయాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. దాని సారం నేను వంటింటి భాషలో చెప్తాను. ఏడేళ్ళలోపు పిల్లలకి రూపమే భయం. ముఖం వికారంగా ఉంటే చాలు, ఆ దెయ్యం మంచిదని కథలో ఎంత చెప్పినా వినరు. "అది నిజం కాదు నాన్నా" అన్న మాట వాళ్ళమీద పనిచేయదు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, చేతికి ఏదైనా తినడానికి ఇవ్వాలి, లేదా టీవీ కట్టేయాలి. ఎనిమిది తొమ్మిది దాటాక తిరగబడుతుంది. రాక్షసులంటే నవ్వుతారు, దొంగ కిటికీలోంచి వస్తే వణుకుతారు. నిజంగా జరగడానికి వీలున్నదే వాళ్ళకి భయం. వాళ్ళకి మాత్రం మాటలు పనిచేస్తాయి.

ముందు మీరొక్కరే, పగలు చూడండి

ఇది బద్ధకించారా, మిగతా ఏర్పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే. పూర్తి సినిమా చూసే తీరిక లేకపోతే కనీసం వివరాలు చదవండి. కామన్ సెన్స్ మీడియాలో ఏ వయసుకి పనికొస్తుందో ఉంటుంది. ఐఎండీబీలో ప్రతి సినిమాకీ పేరెంట్స్ గైడ్ అనే పేజీ ఉంటుంది, ముద్దులు, రక్తం, బూతులు విడివిడిగా రాస్తారు. 'వేర్స్ ద జంప్' అనే సైట్‌లో ఉలిక్కిపడే చోట్లన్నీ నిమిషాలతో సహా ఉంటాయి. కుక్క చచ్చిపోతే తట్టుకోలేని పిల్లలుంటే 'డజ్ ద డాగ్ డై' చూడండి, పేరులోనే ఉంది.

ఆ నిమిషాలు చిన్న చీటీ మీద రాసి రిమోట్ వెనక అంటించండి. పోయినేడాది నా చీటీ మీద, "34: బాత్రూం సీను, చిన్నవాణ్ణి మంచినీళ్ళకి పంపు" అని ఉంది. పంపాను కూడా. వాడు గ్లాసు పట్టుకుని సరిగ్గా ఆ సీనుకే వచ్చి నిలబడ్డాడు. నీళ్ళకి కాదు, పునుగులు వేడి చేయడానికి పంపాలని ఇప్పుడు తెలిసింది.

ఏ సినిమా పెట్టాలి

రాత్రిని రెండు ఆటలుగా విడగొట్టండి. మొదటి ఆట అందరికీ. రెండోది చిన్నవాళ్ళు పడుకున్నాక, పెద్దవాళ్ళకి. ఒకే సినిమాతో అందర్నీ మెప్పిద్దామనుకుంటే చిన్నవాళ్ళు ఏడుస్తారు, పెద్దపిల్లలు ఫోన్లు తీస్తారు.

నాలుగైదేళ్ళ పిల్లలుంటే 1966లో టీవీ కోసం తీసిన చార్లీ బ్రౌన్ గుమ్మడికాయ కార్టూన్ చాలు. పాతిక నిమిషాలు, ఒక్క దెయ్యం కూడా రాదు. వీధంతా తిరిగితే అందరి సంచిలో క్యాండీ పడుతుంది, చార్లీ సంచిలో మాత్రం రాళ్ళు పడతాయి. మా పిల్లలకి అదే పెద్ద హారర్. కాస్త పెద్దయ్యాక 1993 నాటి 'ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్'. గంటా పావు, పాటలు, బొమ్మల్ని ఒక్కో ఫ్రేమూ కదిలించి తీసింది. 2009 నాటి 'కోరలైన్' కూడా అలా బొమ్మలతో తీసిందే, పీజీనే. కానీ అందులో కళ్ళ స్థానంలో గుండీలున్న ఇంకో అమ్మ వస్తుంది. ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకి నేనైతే పెట్టను.

పది దాటిన పిల్లలకి నా సలహా నలుపు తెలుపు సినిమాలు. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టీన్' గంటా పది నిమిషాలే. రంగు లేకపోవడం వల్ల అదేదో తాతలనాటి లోకంలో జరుగుతున్నట్టుంటుంది, మన బెడ్‌రూములోకి రాదు. మొదట బోరని మూలుగుతారు. ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. 1968 నాటి 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' మాత్రం నలుపు తెలుపు కదా అని పిల్లలకి పెట్టకండి, అది టీనేజి వాళ్ళకి. విడుదలప్పుడు పేరు మార్చే హడావుడిలో కాపీరైట్ ప్రకటన తెర మీంచి ఎగిరిపోయింది. దాంతో ఆ సినిమా అందరి సొత్తయిపోయింది. నెట్‌లో ఎక్కడ ఉచితంగా చూసినా దొంగతనం కాదు.

ఈ రాత్రి పేరే పెట్టుకున్న 1978 నాటి 'హాలోవీన్' మా రెండో ఆటలో ఏడాది విడిచి ఏడాది వస్తుంది. ఆర్ రేటింగ్, గంటన్నర. ఆ సినిమాకున్నంత పేరుకి అందులో రక్తం చాలా తక్కువ. కథ ఇల్లినాయ్‌లో, ఆకురాలే కాలంలో జరుగుతుంది. తీసిందేమో కాలిఫోర్నియాలో, వసంతంలో. డబ్బు తక్కువ కావడంతో రంగేసిన ఆకులు నేలమీద చల్లి, షాటు అయ్యాక మళ్ళీ ఏరుకుని ఇంకో వీధిలో చల్లారట. హంతకుడి ముఖానికున్నది కొట్లో కొన్న, 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్లోని కెప్టెన్ కర్క్ మాస్కు, దానికి తెల్లరంగు కొట్టారు. ఇవన్నీ ముందే చెప్పి చూపించండి. మా పెద్దది ఇప్పుడు భయపడటం మానేసి, వెనకాల పచ్చటి చెట్లు ఎక్కడ దొరికిపోయాయో లెక్కబెడుతోంది.

అత్తగారో అమ్మగారో ఉన్న ఏడాది ఒకటైనా తెలుగుది ఉండాలి. 2009 నాటి 'అరుంధతి' మా అత్తగారు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. గద్వాల కోట గోడలు కనబడగానే కుర్చీ ముందుకి జరుపుకుంటారు. కానీ అందులో హింస ఎక్కువ, చిన్నవాళ్ళు పడుకున్నాకే. రక్తం వద్దనుకుంటే 1992 నాటి 'రాత్రి' ఉంది. ఎక్కువగా కెమెరా నడకతో, శబ్దంతో భయపెడుతుంది. ఈ మధ్య పది పన్నెండేళ్ళుగా వస్తున్న హారర్ కామెడీలు పిల్లలకి సరదాగానే ఉంటాయి గానీ డబుల్ మీనింగ్ డైలాగుల దగ్గర జాగ్రత్త. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు అందదు కదా అని సబ్‌టైటిల్స్ పెడతాం, అప్పుడా జోకు అచ్చులో కూడా కనబడుతుంది. తెలుగు సినిమాతో ఇంకో సుఖం, పాటలు. దెయ్యానికీ దెయ్యానికీ మధ్య పాట వస్తే బాత్రూంకి వెళ్ళిరావచ్చు.

ముందురోజు రాత్రి లైట్లార్పి వినండి

ఇది మా ఇంటి ప్రత్యేకం, న్యూజెర్సీ వాళ్ళకి మరీ. అక్టోబర్ 30ని ఇక్కడ మిస్చిఫ్ నైట్ అంటారు. అల్లరి కుర్రాళ్ళు చెట్లకి టాయిలెట్ పేపరు చుట్టి, ఇళ్ళమీద గుడ్లు కొట్టే రాత్రి. కారు గరాజ్‌లో పెట్టి ఇంట్లోనే ఉండటం మంచిది. 1938లో సరిగ్గా ఆ తారీకు రాత్రి ఎనిమిదింటికి సీబీఎస్ రేడియోలో ఆర్సన్ వెల్స్ అనే నటుడు, దర్శకుడు 'వార్ ఆఫ్ ద వరల్డ్స్' అనే నాటకం వేశాడు. అంగారక గ్రహం వాళ్ళు భూమ్మీదకి దిగారనీ, దిగింది న్యూజెర్సీలో గ్రోవర్స్ మిల్ అనే ఊళ్ళో అనీ. ఆ గ్రోవర్స్ మిల్ ఇప్పుడు ఎంతోమంది తెలుగువాళ్ళున్న వెస్ట్ విండ్సర్‌లో భాగం. అక్కడ వాన్ నెస్ట్ పార్కులో దీనికి గుర్తుగా స్మారకం కూడా ఉంది. పిల్లల్ని ఆదివారం పూట తీసుకెళ్ళి చూపించండి.

నాటకం గంటలోపే. డాన్సు సంగీతం వస్తూ ఉంటుంది, మధ్యలో ఆపి వార్త. మళ్ళీ సంగీతం, మళ్ళీ వార్త, ఈసారి ఇంకాస్త కంగారుగా. కొంతమంది నిజంగానే నమ్మి బెదిరిపోయారు. అయితే దేశమంతా రోడ్ల మీదకి పరుగెత్తిందని మర్నాడు పేపర్లు రాసింది మాత్రం చాలావరకు ఉప్పూకారం జల్లిందే. రికార్డింగ్ నెట్‌లో దొరుకుతుంది. హాల్లో లైట్లార్పి, ఫోన్లన్నీ ఒక గిన్నెలో పెట్టి, మొదటి ఇరవై నిమిషాలు వినిపించండి. చూడటానికి ఏమీ లేదు కాబట్టి ఎవరికి తట్టుకోగలిగినంత భయం వాళ్ళే ఊహించుకుంటారు. చిన్న పిల్లలున్న ఇంటికి ఇంతకన్నా మంచి మొదలు నాకు తెలియదు.

మా అత్తగారికి ఆ ఇంగ్లీషు సగం కూడా అర్థం కాలేదు. కానీ సంగీతం ఆగిన ప్రతిసారీ ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోవడం చూశాను. చిన్నప్పుడు విజయవాడ రేడియో నాటకాలు అలానే వినేవాళ్ళట, పనిచేసుకుంటూ. తర్వాత ఆవిడే మొదలుపెట్టారు: ఊళ్ళో తలుపుల మీద బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజులు, పొలం గట్టున కనబడే కొరివి దెయ్యం, కాళ్ళు వెనక్కి తిరిగి ఉండే ఆడమనిషి. పిల్లలకి ఆ రాత్రి అంగారకుడు గుర్తులేడు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే రికార్డింగ్ ఆపేసి వాళ్ళనే అడగండి.

గుమ్మడికాయ సంగతి

కళ్ళూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టే ఈ గుమ్మడికాయని రెండు రోజుల ముందు చెక్కితే చాలు. అంతకుముందే చెక్కితే కుళ్ళుతుంది, లేదా ఉడతలు ముక్కూ చెవులూ కొరికేస్తాయి. మా ఇంట్లో మొదటి గాటు మా ఆయనే పెట్టాలి. నిండు గుమ్మడికాయని ఆడవాళ్ళు కొట్టకూడదని అత్తగారి శాసనం. సినిమావాళ్ళు షూటింగ్ అయిపోయాక గుమ్మడికాయ కొడతారు, మేం సినిమా మొదలవకముందే కొడుతున్నాం. లోపల కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి. వేలాడే వేషాలతో పిల్లలు వాకిట్లోకి వస్తుంటారు, నిప్పు వద్దు.

చెక్కే కాయ నీళ్ళగా, పీచుగా ఉంటుంది, దప్పళానికి పనికిరాదు. దప్పళానికి 'పై పంప్‌కిన్' అనే చిన్న వంట గుమ్మడికాయ విడిగా కొనుక్కోండి. గింజలు మాత్రం పారేయకండి. కడిగి, బట్ట మీద ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి, ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు. మధ్యలో ఒకసారి కలపండి.

ఆ సాయంత్రం

మా వైపు ఆ రోజుల్లో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. పిల్లలు అయిదున్నరకి బయల్దేరి ఎనిమిదికల్లా ఇంటికి రావాలి. రాగానే మూటలు నేలమీద బోర్లించి, పల్లీలు పడనివాళ్ళు ఉంటే అవి తీసేసి, రేపరు చిరిగినవి పారేసి, తలా అయిదు ఏరుకోమనండి. మిగతావి పై అరలోకి. చక్కెర ఎక్కిన పిల్లలు భయాన్ని కూడా గంతులేస్తూ పడతారు, పక్కవాళ్ళ కడుపులో మోకాలు తగులుతుంది.

తర్వాత స్నానం, వేషం రంగులు కడగడం, అన్నం. చివర పెరుగన్నం తప్పనిసరి. పెరుగన్నం పడిన కడుపు భయపడదని మా అత్తగారి థియరీ. నాకు తెలిసి అది తప్పని ఇంతవరకూ రుజువు కాలేదు. వాకిట్లో లైటు ఆర్పేస్తే ఈ ఇంట్లో క్యాండీ అయిపోయిందని అర్థం, ఎవరూ తలుపు తట్టరు. అయినా సినిమా మధ్యలో ఎవరో ఒక టీనేజి కుర్రాడు బెల్లు కొడతాడు. మెట్ల మీద ఒక గిన్నెలో క్యాండీ పెట్టి ఉంచండి.

తినడానికి చప్పుడు చేయనివే పెట్టండి. జంతికలు, చకోడీలు వద్దు. శబ్దం చేస్తే రాక్షసులు వచ్చిపడే 'ఎ క్వైట్ ప్లేస్' చూసిన ఏడాది, తెరమీద కుటుంబమంతా ఊపిరి బిగబట్టి ఉంటే మా ఆయన కటకటా జంతిక నమిలారు. అందరం ఆయన వైపు తిరిగి "ష్" అన్నాం. పునుగులు, లేదా కాస్త మెత్తబడిన పాప్‌కార్న్ మేలు.

టీవీ, సౌండు, వెలుతురు

పూర్తి చీకటి వద్దు. టీవీ వెనక గోడకి ఒక చిన్న దీపం పెడితే తెర బాగా కనబడుతుంది, ముఖాలూ కనబడతాయి. ఎవరు నిజంగా భయపడుతున్నారో మీకు తెలియాలి కదా. బాత్రూంలో, అక్కడికి వెళ్ళే దారిలో లైట్లు వేసే ఉంచండి. టీవీ సెట్టింగ్స్‌లో కదలికల్ని మరీ నున్నగా చూపించే మోషన్ స్మూతింగ్ తీసేయండి, లేకపోతే దెయ్యం కూడా సీరియల్లో అత్తగారిలా కనబడుతుంది. సౌండ్‌లో నైట్ మోడ్ ఉంటే అది పెట్టండి. గుసగుసలు వినబడతాయి, అరుపులు గోడలు అదరగొట్టవు.

నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. భయమేసినప్పుడు పిల్లలు కళ్ళు మూసుకుంటారు. దానివల్ల లాభం లేదు. శబ్దం వస్తూనే ఉంటుంది, తెరమీద ఉన్నదానికన్నా ఘోరమైనది తలలో తయారవుతుంది. కళ్ళు కాదు, చెవులు మూసుకోమని నేర్పండి. లేదా రిమోట్ ఉన్నవాళ్ళు మ్యూట్ నొక్కాలి. శబ్దం తీసేస్తే ఎంత భయంకరమైన సీనైనా ఎవరో గబగబా పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. ఒకసారి చేసి చూడండి, నవ్వొస్తుంది.

నాలుగు కట్టుబాట్లు

రిమోట్ భయస్తులది. పాజ్ నొక్కితే ఎందుకని అడగకూడదు. లేచి వెళ్ళిపోతే వెక్కిరించకూడదు, మర్నాడు కూడా. డెన్మార్క్‌లో ఆర్హుస్ యూనివర్సిటీ వాళ్ళు ఒక భూత్ బంగ్లాకి వచ్చినవాళ్ళ గుండె వేగం కొలిచి 2020లో చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. భయం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా జనం ఆనందించలేదు, మధ్యలోనే మజా. ఆ మధ్య ఎక్కడుందో ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి పాజ్ బటన్ ఉండాలి.

నాలుగోది, ఎవరూ ఎవర్నీ నిజంగా భయపెట్టకూడదు. మా రెండో తప్పు వల్ల అయిదో ఏడాది వచ్చిన కట్టుబాటు ఇది. కర్టెన్ వెనక దాక్కుని సరైన సీనులో బయటికి దూకిన మనిషి పేరు చెప్పను, ఆ మనిషికి అప్పటికే నలభై దాటాయి. చిన్నవాడు గాల్లోకి లేచి కాఫీ టేబుల్ అంచుకి గడ్డం కొట్టుకున్నాడు. రెండు కుట్లు. అర్జెంట్ కేర్‌లో నర్సు ఎలా తగిలిందని అడిగితే, వేషం వేసుకున్న పిల్లాడు "మా నాన్న దెయ్యం" అన్నాడు. వివరణ ఇచ్చుకోవడానికి పావుగంట పట్టింది.

అయిపోయాక వెంటనే పడుకోబెట్టకండి

లైట్లన్నీ వేసి ఒక ఇరవై నిమిషాలు కూర్చోండి. ఆ సీను ఎలా తీశారో చెప్పుకోండి, పెద్దపిల్లల మీద ఇది బాగా పనిచేస్తుంది. 1960 నాటి 'సైకో'లో షవర్ కింద పారిన రక్తం చాక్లెట్ సిరప్ అని తెలిశాక మా పెద్దది దానికోసమే ఆ సినిమా చూస్తానంటోంది. చిన్నవాళ్ళకి ముందే చెప్పినట్టు మాటలు కాదు, ఒడి, గోరువెచ్చని పాలు.

ఆ తర్వాత నానమ్మ వంతు. గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని అందరికీ దిష్టి తీస్తారు. ఇక్కడొక హెచ్చరిక: అవి తీసుకెళ్ళి స్టవ్ మీద వేయనివ్వకండి. ఒకసారి వేశారు. ఇంట్లో స్మోక్ అలారాలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి కదా, మూడు అంతస్తుల్లోనూ ఒకేసారి మొత్తుకున్నాయి. సినిమాకి బెదరని పిల్లలు దానికి బెదిరారు. సింకులో వేసి నీళ్ళు వదిలితే సరిపోతుందని ఇప్పుడు ఒప్పుకున్నారు.

పక్కమీద చేరాక ఆంజనేయ దండకం. మా చిన్నవాడికి తెలుగు చదవడం రాదు, దండకం మాత్రం మొదటి నాలుగు లైన్లు గడగడా వచ్చు. భయంతో నేర్చుకున్నదే. పనిచేస్తుందా అంటే, అయిదో లైను రాకముందే నిద్రపోతున్నాడు. ఆ ఒక్క రాత్రికీ పరుపులు కిందేసి అందరూ ఒకే గదిలో పడుకోండి. ఎవరు భయపడి ఎవరి గదికి వచ్చారన్న లెక్క ఉండదు.

చివరగా ఒక నోటుపుస్తకం

టీవీ కింద సొరుగులో ఒకటి పెట్టుకోండి. ఏడాది, సినిమా పేరు, ఎవరెవరున్నారు, పాజ్ ఎన్నిసార్లు పడింది, ఎవరు నొక్కారు. వచ్చే ఏడాది సినిమా ఎంచుకునేటప్పుడు ఏ సైటూ దీనంత సాయం చేయదు, ఎందుకంటే ఇది మీ ఇంటివాళ్ళ లెక్క. మా పుస్తకంలో మొదటి పేజీల్లో పాజ్ అంతా పెద్దదానిదే, తర్వాత నాలుగేళ్ళు చిన్నవాడిది. పోయినేడాది లైను వాడే రాశాడు, వంకర అక్షరాల ఇంగ్లీషులో: పాజ్ ఆరుసార్లు, ఆరూ అమ్మే. ఈసారి రిమోట్ నాకిచ్చారు.